అప్‌డేట్: మా తమ్ముడి అప్పీలులో తీర్పు వచ్చింది

రోడ్డు మీద గొడవలో కత్తిపోటుతో ఒకతను చనిపోయిన కేసులో మా తమ్ముడికి ఐపీసీ 302 (హత్యానేరం) కింద యావజ్జీవం పడిందనీ, హైకోర్టులో తగ్గే అవకాశం ఉందా అనీ అప్పట్లో అడిగాను. తగ్గింది. నేరాన్ని 304 మొదటి భాగం (హత్య కిందకు రాని ప్రాణహరణం) కిందకు మార్చి, శిక్ష పదేళ్లు చేశారు. రిమాండ్‌లో ఉన్న కాలం కూడా సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చట్టం) 428 ప్రకారం ఇందులోంచే పోతుంది.

పొడిచింది ఒక్క పోటే అన్న వాదన ఒక్కటే చాలదని మా లాయర్ గారు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. 1958 నాటి విర్సా సింగ్ కేసులో ఒక్క పోటుకే సుప్రీంకోర్టు హత్యానేరం ఖాయం చేసింది. మాకు పనికొచ్చింది, ఏది హత్యో చెప్పే సెక్షన్ 300లోని నాలుగో మినహాయింపు. అది వర్తిస్తే నేరం హత్య కిందకు రాదు. ముందస్తు పథకం లేకుండా, అప్పటికప్పుడు రేగిన కొట్లాట అయి ఉండాలి, క్రూరంగా ప్రవర్తించి ఉండకూడదు. కత్తి పక్కనే ఉన్న బొప్పాయి బండి మీదిదని పంచనామాలో రాసి ఉంది. బండి అతనూ సాక్ష్యంలో అదే చెప్పాడు. అంటే కత్తి మా తమ్ముడు ముందే వెంట తెచ్చుకున్నది కాదు. కింది కోర్టులో ఆ రెండు లైన్లను ఎవరూ పట్టించుకోలేదు. అప్పీలు వేసేవాళ్లు దయచేసి పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు అక్షరం వదలకుండా చదివించండి.

చనిపోయిన కుర్రాడి అమ్మగారు తీర్పు రోజు కోర్టుకు వచ్చారు. ఆవిడ ముందు మాకు సంతోషపడాలనిపించలేదు. అవతలి పక్షం సుప్రీంకోర్టుకు వెళ్లొచ్చు, కాబట్టి టెన్షన్ ఇంకా పూర్తిగా పోలేదు.