12¼ హోల్ నుంచి పైకి వచ్చేటప్పుడు బ్యాక్‌రీమింగ్ తప్పనిసరా?

కొత్తరిగ్గు: విచ్ ఫార్మ్ ఎం-11 తరహా బావి అనుకోండి. ఇంగ్లండ్‌లో డార్సెట్ తీరాన నేల మీద రిగ్, పూల్ బే అడుగున చమురు. నిలువు లోతు సుమారు 1,600 మీటర్లు, అడ్డంగా 10 కిలోమీటర్లు (1998లోనే). 12¼ అంగుళాల సెక్షన్ 80 డిగ్రీల మీద సాగుతుంది. సెక్షన్ అయ్యాక పంపూ రోటరీ ఆడిస్తూ పైపును బ్యాక్‌రీమ్ (తిప్పుతూ వెనక్కి లాగడం) చేసుకుంటూ రావాలా, సర్క్యులేట్ చేసి ఉత్తినే లాగాలా?

గోదారి_డ్రిల్లర్: బ్యాక్‌రీమే. ఆ కోణంలో కటింగ్స్ (బిట్ కొట్టిన రాతిముక్కలు) హోల్ అడుగున మేట వేస్తాయి, మడ్డు (పంపు చేసే డ్రిల్లింగ్ ద్రవం) పై సందులోంచి పోతుంది. మేటను లేపేది పైపు తిరుగుడే. తిప్పకుండా లాగితే స్టెబిలైజర్లు (పైపును హోల్ మధ్యలో ఉంచే రెక్కల ముక్కలు) ఆ మేటను పారతో గోకినట్టు పోగేస్తాయి, పైపు బిగుస్తుంది. ఇందులో చర్చేముంది?

వెల్‌ప్లాన్: ఉంది అన్నా. బ్యాక్‌రీమ్ చేస్తే మేటంతా ఒక్కసారి లేస్తుంది. కటింగ్స్ పైకి పోయే వేగం కన్నా మీరు లాగే వేగం ఎక్కువైతే బీహెచ్ఏ (బిట్, దాని పైనున్న పరికరాలు) చుట్టూ ఆన్యులస్ (పైపుకీ హోల్‌కీ మధ్య సందు) మూసుకుపోతుంది. పంపులు ఆడుతూనే ఉంటాయి కాబట్టి ఆ ప్రెజర్ ఫార్మేషన్ (చుట్టూ ఉన్న రాయి) మీద పడి అది చీలుతుంది, మడ్డు పోతుంది. సరిగ్గా శుభ్రమైన హోల్‌లోంచి ఎలివేటర్ (పైపు పట్టి ఎత్తే బిగింపు) మీదే, పంపూ తిప్పుడూ లేకుండా లాగొచ్చు.

గోదారి_డ్రిల్లర్: శుభ్రమైందని ఎవరు చెప్పాలి? షేకర్ల (మడ్డు వడకట్టే జల్లెడలు) మీద కటింగ్స్ ఆగాకే కదా మేం లాగేది!

యానాం_మడ్డు: షేకర్ ఖాళీ అయితే ఆ ఆర్‌పీఎంకి లేచేది వచ్చేసిందనే అర్థం. 120 నుంచి 160కి పెంచండి, మళ్లీ వస్తాయి.

వెల్‌ప్లాన్: అందుకే పికప్ వెయిట్ (పైపు పైకెత్తేటప్పుడు చూపే బరువు) చార్టు చూడాలి. స్టాండ్ స్టాండ్‌కీ (కలిపి బిగించిన పైపుల జత) రాసిన వెయిట్, రాపిడి 0.2 అనుకుని వేసిన ఫ్రిక్షన్ గీత వదిలి 0.3 వైపు జరిగితే మేట పెరుగుతున్నట్టే. లాగే ముందు 1,000 జీపీఎం (నిమిషానికి గ్యాలన్లు), 120కి తగ్గని ఆర్‌పీఎం, నాలుగు బాటమ్స్‌అప్‌లు (అడుగు మడ్డు పైకి చేరేంత సర్క్యులేషన్). లాగేటప్పుడు ఓవర్‌పుల్ (మామూలు బరువు మీద అదనపు లాగుడు) 30,000 పౌండ్లు దాటితే గుంజొద్దు. రెండు మూడు స్టాండ్లు కిందికి దిగి, తిప్పుతూ అరగంట సర్క్యులేట్ చేసి మళ్లీ లాగండి. బిగింపు పైకి జరిగితే కటింగ్స్. అదే లోతులో ఉంటే కీసీట్ (పైపు రాసుకుని కోసిన గాడి) గానీ లెడ్జ్ (రాతి మెట్టు) గానీ. బ్యాక్‌రీమ్ ఆ రెండో రకానికే.

ఫ్లోరు_మనిషి: మన ఓవీఎల్‌కి (ఓఎన్‌జీసీ విదేశ్) 20 శాతం వాటా ఉన్న రష్యా సఖాలిన్-1లో 2017లో 15,000 మీటర్ల బావి కొట్టారు. అంత పొడవున నాలుగు బాటమ్స్‌అప్‌లంటే ఎన్ని గంటలో ముందు లెక్కేయండి.

గోదారి_డ్రిల్లర్: 8,000 మీటర్లకే వేస్తా. 5½ పైపు చుట్టూ ఆన్యులస్ 3,000 బ్యారెళ్ల పైన. 1,000 జీపీఎంకి ఒక బాటమ్స్‌అప్ రెండు గంటలు దాటుతుంది, నాలుగుకి ఎనిమిదిన్నర. మీ ప్లానర్లు ప్రోగ్రాంలో రాసేది "సర్క్యులేషన్ 3 గంటలు". నాలుగో గంటకి ఆఫీసు ఫోను. ఆ మురికి హోల్‌లోంచి పైపు క్షేమంగా తేవడానికి డ్రిల్లర్ చేతిలో మిగిలేది బ్యాక్‌రీమ్ ఒక్కటే. ఇరుక్కుంటే మాట పడేదీ అతనే. ఎలివేటర్ మీద లాగమని గదిలో కూర్చుని చెప్పడం తేలిక!

వెల్‌ప్లాన్: మాట పడటం మీకొక్కరికేనా? పైపు మీరు తెస్తారు, సరే. తర్వాత దిగాల్సింది 9⅝ కేసింగ్ (హోల్ గోడ కాచే ఉక్కు గొట్టం). ఇంత అడ్డంగా అది అడుగున రాసుకుని ఆగిపోతుంది కాబట్టి కింది భాగంలో గాలి ఉంచి తేలుస్తాం. గాలి ఉన్నంతసేపూ సర్క్యులేషన్ ఉండదు. మధ్యలో మేట తగిలితే కడిగే దారి లేదు. మీ భయం ట్రిప్ గురించి, నాది కేసింగ్ గురించి.

గోదారి_డ్రిల్లర్: అయితే గంటలు రాయడం మానండి. "పికప్ వెయిట్ ఇంతకి దిగేవరకు" అని రాయండి. ఎలివేటర్ మీదే లాగుతా.

వెల్‌ప్లాన్: రాస్తా. 12 గంటలు గరిష్ఠం అని కూడా రాస్తా.

గోదారి_డ్రిల్లర్: మళ్లీ గంటలే!

యానాం_మడ్డు: ఇద్దరూ ఒకటి వదిలేశారు. బ్యాక్‌రీమ్ మొదలుపెట్టాక 13⅜ షూలోకి (ముందు దించిన కేసింగ్ కింది చివర) వచ్చామని ఆపకూడదు. కేసింగ్ లోపలా కోణం అంతే ఉంటే మేటా ఉంటుంది. 30 నుంచి 60 డిగ్రీల మధ్య పంపు ఆపితే అది జారి బీహెచ్ఏ మీదికే వస్తుంది. 30 లోపలికి చేరేదాకా సాగించాల్సిందే.