మెటల్ వాల్వు వేయించుకుని ఇంటికొచ్చాక మొదటి వారాలు: ఐఎన్ఆర్, గోంగూర, నీళ్ల బిందె

కందుకూరు కుర్రోడు:

మా అమ్మకి (46 ఏళ్లు) చెన్నైలో మైట్రల్ వాల్వు (గుండెలో ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండేది) తీసి మెటల్ వాల్వు వేశారు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం వల్లే వాల్వు పాడయిందన్నారు. రొమ్ము ఎముక మధ్యకి కోసి చేసిన ఆపరేషన్. ఇప్పుడు మూడో వారం, కందుకూరు పక్కన పల్లెలో ఇంటికాడే ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర ఎసిట్రోమ్ 2 మి.గ్రా. రాత్రిపూట వేస్తున్నాం. నిన్న ఇక్కడి ల్యాబులో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) 1.9 వచ్చింది. తక్కువుంటే మంచిదేలే, రక్తం కారదు అంటున్నారు చుట్టాలు. ఆకుకూరలన్నీ మానిపించాం, గోంగూర లేకపోతే ముద్ద దిగట్లేదంటోంది. పడుకున్నప్పుడు చంకల కింద చేతులేసి లేపుతున్నాం, అది సరైన పద్ధతేనా? నీళ్లు ఎప్పట్నుంచి మోయొచ్చు? రాత్రిళ్లు నిద్ర లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నొప్పికి తుంటికి ఇంజెక్షన్ వేస్తానంటున్నారు. ఏం చేయమంటారు?

నెల్లూరు ల్యాబ్:

తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత. ముందు ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి ఈరోజే ఫోన్ చేసి ఈ 1.9 సంగతి చెప్పు. మైట్రల్ చోట మెటల్ వాల్వు ఉంటే మామూలుగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. బృహద్ధమని వాల్వుకైతే ఎక్కువమందికి 2 నుంచి 3. మీ డిశ్చార్జి కాగితంలో రాసిన అంకే మీకు లెక్క. మైట్రల్ చోట రక్తం నెమ్మదిగా పోతుంది కాబట్టి గడ్డ తొందరగా కడుతుంది. గడ్డ వాల్వు రెక్కకి పట్టుకుంటే రెక్క కదలదు, ముక్క ఊడి మెదడుకి పోతే పక్షవాతం. తక్కువుంటే మంచిదన్న మాట ఇక్కడ చెల్లదు. డోసు పెంచమంటారో, రెండు మూడు రోజులు పొట్టకి హెపారిన్ (గడ్డకట్టనివ్వని ఇంకో మందు) సూదులు వేయమంటారో వాళ్లే చెప్పాలి. మీ అంతట మీరు అర మాత్ర కూడా పెంచొద్దు. ఈరోజు మార్చిన డోసు రక్తంలో కనపడ్డానికి రెండు మూడు రోజులు పడుతుంది. మర్నాడే మళ్లీ చూసి మళ్లీ పెంచితే ఆ వారం చివరికి 5 దాటిపోతుంది.

పరీక్ష గురించి. లేత నీలం మూత గొట్టంలో గీత దాకా రక్తం నిండాలి. గొట్టంలో ముందే ఉండే, రక్తం గడ్డకట్టనివ్వని 0.3 మి.లీ. సిట్రేటుకి 2.7 మి.లీ. రక్తం, అంటే ఒకటికి తొమ్మిది. నరం దొరక్క సగమే నింపి పంపితే ఐఎన్ఆర్ లేనంత ఎక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే అసలుకే మోసం. ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించండి. రిపోర్టులో సెకన్లు చూసి పోల్చుకోవద్దు, అవి వాడే రసాయనాన్ని బట్టి మారతాయి. ఐఎన్ఆర్ అంకె ఒక్కటే చూడాలి. మొదట్లో వారానికి ఒకట్రెండుసార్లు, నిలకడగా వచ్చాక నెలకోసారి. ఉదయం రక్తం ఇచ్చి సాయంత్రానికల్లా రిపోర్టు తీసుకుంటే ఆ రాత్రి మాత్రకే మార్పు చెప్పించుకోవచ్చు. మాత్ర రాత్రికి పెట్టేది అందుకే.

మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేయండి. మర్నాటికి గానీ గుర్తు రాకపోతే వదిలేయండి, రెండూ కలిపి వేయొద్దు. ఒకటి గుర్తుంచుకోండి: ఎసిట్రోమ్ ఒంట్లో నిలిచేది ఇదే పని చేసే వార్ఫరిన్ మందు కంటే తక్కువసేపు, ఒక్క పూట తప్పినా తొందరగా పడిపోతుంది. షాపులో ఎసిట్రోమ్ లేదని వార్ఫరిన్ ఇస్తే తీసుకోవద్దు, మి.గ్రా.కి మి.గ్రా. సమానం కాదు.

గోంగూర మానడం పొరపాటు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మాత్ర పనిని తగ్గిస్తుంది, నిజమే. ఆకుకూర ఒక్కటీ లేకుండా డోసు కుదిర్చి, రెండు నెలలకి ఆమె మళ్లీ తినడం మొదలెడితే ఐఎన్ఆర్ కిందికి జారుతుంది. వారానికి రెండుసార్లు తినే మనిషైతే ఇప్పట్నుంచే రెండుసార్లు, ఒకే కొలత, ప్రతి వారం అంతే. డోసు ఆ తిండికి కుదురుతుంది. మునగాకు పొడి మాత్రం కొత్తగా మొదలెట్టొద్దు, అందులో విటమిన్ కె బాగా ఎక్కువ. ఇప్పుడు ఆకలి లేదు కాబట్టి తక్కువ తింటారు, ఆకలి తిరిగొచ్చాక ఐఎన్ఆర్ మారుతుంది. ఆ సమయంలో పరీక్ష తప్పించకండి.

కావలి స్టాఫ్ నర్స్:

తుంటి ఇంజెక్షన్ వద్దే వద్దు. రక్తం పలచబడ్డ మనిషికి కండలో సూది దిగితే లోపల రక్తం చేరి కాలంతా నల్లబడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రగా కూడా వద్దు, కడుపులో రక్తస్రావం తెస్తాయి. పారాసెటమాల్ 650 వాడొచ్చు, కానీ రోజుకి మూడు చొప్పున వారాల తరబడి వాడితే అది కూడా ఐఎన్ఆర్ పెంచుతుంది. మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, సెప్ట్రాన్, ఫ్లూకొనజోల్ ఇంకా ఎక్కువ పెంచుతాయి. విరేచనాలకని షాపులో ఇచ్చే మాత్రల్లో మొదటి రెండూ తరచుగా ఉంటాయి.

జ్వరం విషయంలో మన ఊళ్ల అలవాటు మార్చుకోవాలి. 100.4 ఫారన్‌హీట్ వస్తే యాంటీబయాటిక్ మొదలెట్టకముందే బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిమి ఉందేమో పెంచి చూసే పరీక్ష) తీయించాలి. ముందే మాత్ర పడితే వాల్వుకి పట్టిన క్రిమి కల్చర్‌లో పెరగదు, ఏ మందు వాడాలో తెలియకుండా పోతుంది. లోతుగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దాంతోపాటు జ్వరం ఉంటే గుండె పొరలో నీరు చేరిందేమో ఎకో (గుండె స్కాను) తీసి చూస్తారు. అది ఈ వారాల్లోనే వస్తుంది.

రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. ఒక్కరోజులో కిలో పైన, వారంలో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. కాళ్ల వాపు, పడుకుంటే ఆయాసం దాని వెనకే వస్తాయి. ఉప్పు రోజు మొత్తానికి ఒక టీస్పూను లోపు. చేపల పులుసు తినొచ్చు, ఉప్పు తగ్గించి. ఎండు నెత్తళ్లు, అప్పడాలు, ఆవకాయ మాత్రం పక్కన పెట్టండి. ఒంట్లో నీరు పోయే మాత్రల్లో స్పైరనోలాక్టోన్ ఉంటే కొబ్బరి నీళ్లు డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు, పొటాషియం పెరుగుతుంది.

గాయానికి పసుపు, నూనె, పౌడరు ఏదీ రాయొద్దు. గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు, రుద్దకుండా అద్ది తుడవడం, అంతే. లోపల తీగ లేని మెత్తని బ్రా పగలూ రాత్రీ వేసుకోవడం మంచిది. ఆడవాళ్లకి రొమ్ముల బరువే కుట్లని రెండు వైపులా లాగుతుంది. ఈ మాట చాలా ఆస్పత్రుల్లో మొహమాటపడి చెప్పరు.

ఫిజియో ఒంగోలు:

చంకల కింద చేతులేసి లేపడం ఇవాళే ఆపండి. లోపల ఎముకని తీగలతో కట్టి ఉంచారు. భుజాలు పైకి లాగితే ఆ తీగలు ఎముకని కోస్తాయి. లేచే పద్ధతి ఇది: మోకాళ్లు మడిచి, చిన్న దిండు ఛాతీకి హత్తుకుని, భుజం, నడుం ఒకేసారి తిప్పి పక్కకి ఒరగాలి. కాళ్లు మంచం దించుతుంటే ఆ బరువుకే ఒళ్లు పైకి లేస్తుంది. మీరు వీపు వెనక అరచెయ్యి ఆనించండి, లాగొద్దు. దగ్గినా తుమ్మినా ఆ దిండే. నులక మంచం గుంట పడుతుంది, కింద చాప అయితే లేవడం మరీ కష్టం. ఈ రెండు నెలలూ గట్టి మంచం, చేతులున్న ఎత్తు కుర్చీ ఉండాలి.

బరువు 6 నుంచి 8 వారాల దాకా రెండు మూడు కిలోలకి మించొద్దు. నిండు బిందె పదిహేను కిలోల దాకా తూగుతుంది, మూడు నెలలు దాటి డాక్టర్ సరేనన్నాకే. బోరింగ్ కొట్టడం, పిండి పిసకడం, బట్టలు ఉతికి పిండడం కూడా అదే లెక్క. బండి వెనక కూర్చోవడం కూడా వద్దు, మన రోడ్ల గుంతలు తెలిసినవే. చెన్నై చెకప్‌కి కారులో వెనక సీటు, బెల్టుకీ ఛాతీకీ మధ్య దిండు, గంటకోసారి దిగి నాలుగడుగులు. కదిలినప్పుడు ఎముక టక్కుమన్నట్టు అనిపించినా, గాయం నుంచి రసి వచ్చినా ఆగకుండా వెళ్లండి.

నడక ఐదేసి నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు. రోజుకో నిమిషం పెంచండి. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టే. మన ఎండలకి పొద్దుటి నడక ఏడు లోపే ముగించాలి.

కందుకూరు కుర్రోడు:

ఫోన్ చేశాం అన్నా. డోసు మార్చి, పొట్ట సూదులు రాసిచ్చారు. ఇంకొకటి: 21 రోజులకోసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్ కూడా తుంటికే కదా. అదీ మానాలా?

కావలి స్టాఫ్ నర్స్:

మంచి ప్రశ్న, నేను వద్దన్నది నొప్పి ఇంజెక్షన్లని. పెన్సిలిన్ మీ అంతట మీరు ఆపొద్దు. వాల్వు మార్చినా కీళ్లవాతం జ్వరం మళ్లీ రావొచ్చు, మిగతా వాల్వులు పాడవొచ్చు. ఐఎన్ఆర్ అదుపులో ఉంటే సన్న సూదితో వేసి చాలాసేపు గట్టిగా నొక్కి పట్టించడమో, రోజుకి రెండుసార్లు పెన్సిలిన్ మాత్రలకి మార్చడమో చేస్తారు. ఏదన్నది మీ కార్డియాలజిస్టు చెప్పాలి. ఈ మాత్రలు పళ్లు పీకించేటప్పుడు వేసే విడి డోసుకి బదులు కావు. అప్పుడు గంట ముందు వేరే యాంటీబయాటిక్ రాస్తారు. పంటి డాక్టరుకి వాల్వు కార్డు ముందే చూపించండి.

నిద్ర సంగతి: రాత్రి నిశ్శబ్దంలో వాల్వు టిక్కుటిక్కు వినిపించడం మామూలే, ఫ్యాను చప్పుడులో మరుగవుతుంది. రోజూ వినిపించే ఆ చప్పుడు ఉన్నట్టుండి మందగించి ఆయాసం వస్తే, మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా, తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేసి ఎకో ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లమనండి.