మా ఊసరవెల్లి రంగమ్మ తిండి మానేసి నేల గీరుతోంది, ఏం చేయాలి?

ఫ్రిస్కో_అమ్మ:
అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి నిరుడు వేసవి సెలవుల్లో పోరుపెట్టి ఒక ఊసరవెల్లిని కొనిపించుకుంది. యెమెన్ వైపు జాతి. ఇక్కడ వెయిల్డ్ కమీలియన్ అంటారు, నెత్తిన కిరీటంలా లేచి ఉంటుంది. ఆడది, పేరు రంగమ్మ, పది నెలలది. ఇంకో ఊసరవెల్లి ముఖం చూసి ఎరగదు.

నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు. మొన్నటిదాకా రోజుకు పన్నెండు క్రికెట్ పురుగులు (కీచురాళ్ళు) గుటుక్కుమనిపించేది. పైకొమ్మ దిగనిది ఇప్పుడు కిందే తిరుగుతోంది, మూలకు పోయి ముందుకాళ్ళతో గీరుతోంది. ఒళ్ళు ముదురు ఆకుపచ్చకు తిరిగి పసుపు, నీలం చుక్కలు తేలాయి. బాగుందని ఫొటోలు తీసి వాట్సాప్‌లో చుట్టాలందరికీ పంపాం కూడా. పొట్ట రెండు పక్కలా ఉబ్బి, ఎగుడుదిగుడుగా కనిపిస్తోంది.

24x24x48 అంగుళాల జాలీ పెట్టె. లోపల మనీప్లాంటు, మందారం. వేడి బల్బు కింద 92 డిగ్రీల ఫారెన్‌హీట్. యూవీ కోసం పెట్టెతో పాటు ఇచ్చిన చుట్టల బల్బు. రోజుకు రెండుసార్లు ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తాం. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య మొదట్లో "ఇదేం పెంపకమే తల్లీ" అని గోల చేశారుగానీ, ఇప్పుడు క్రికెట్లకు గోంగూర తరిగి వేసేది ఆవిడే. దుకాణంలో అడిగితే మలబద్ధకం అయ్యుంటుంది, గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టండి అన్నారు. కూర్చోబెట్టనా?

ప్లేనో_కుర్రాడు:
అక్కా, మావాడు కూడా ఓసారి వారం తినలేదు. రోజూ అదే క్రికెట్ పెడితే మొహం మొత్తింది వాడికి. హార్న్‌వర్మ్ అని లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగు ఉంటుంది, అదొకటి చూపించండి, ఎగబడి తింటుంది.

హ్యూస్టన్_పెద్దాయన:
తమ్ముడూ, నీది మగది. ఈవిడ సంగతి వేరు.

అమ్మా, నీళ్ళలో కూర్చోబెట్టొద్దు. మీ రంగమ్మ నిండు చూలాలు. మగతోడు లేకపోయినా ఈ జాతి ఆడవి కోడిపెట్టల్లాగే గుడ్లు పెడతాయి. ఆ చుక్కలు "గుడ్లతో ఉన్నాను, దగ్గరికి రావద్దు" అని మగవాటికి చెప్పే రంగు. పొట్ట ఎగుడుదిగుడు గుడ్ల వల్లే అనుకుంటున్నాను. గీరడం చోటు కోసం వెతుకులాట. పెట్టెలో మట్టి ఉందని ఎక్కడా రాయలేదు మీరు. లేకపోతే అది గుడ్లు కడుపులోనే బిగబట్టుకుంటుంది, చచ్చిపోతుంది. ఇంత కటువుగా ఎందుకంటున్నానంటే నా మొదటిది అలాగే పోయింది. శుక్రవారం తిండి మానేసింది, సోమవారం డాక్టరు దగ్గరికి పోదాంలే అనుకున్నాను. ఆదివారం పొద్దున కొమ్మ కింద పడి ఉంది.

ఈ సాయంత్రమే చేయాల్సింది ఇది. 12 అంగుళాలకు తగ్గని లోతు, అంతే వెడల్పు ఉన్న ప్లాస్టిక్ తొట్టి తెండి. పిల్లలు ఆడుకునే ఇసుక కడిగి నింపండి. తడి సంగతి మీ అత్తయ్యగారికి వదిలేయండి: సున్నుండ చుట్టినట్టు గుప్పెట్లో నొక్కితే ఉండ నిలవాలి, నీళ్ళు కారకూడదు. వేలితో బొరియ చేసి చూడండి, కూలకూడదు. తొట్టిని పెట్టెలో కింద పెట్టి, రంగమ్మను దాని మీదికి దించి, ఆ కింది భాగానికి చుట్టూ దుప్పటి కట్టేయండి. తర్వాత ఎవరూ తొంగిచూడొద్దు, మీ అమ్మాయితో సహా. తవ్వేటప్పుడు మనిషిని చూసిందంటే గొయ్యి వదిలేసి పైకెక్కుతుంది. రాత్రి బొరియలోనే పడుకున్నా కంగారుపడకండి. దీపాలు రోజూ ఆర్పే వేళకే ఆర్పేయండి.

పగలు కళ్ళు మూసుకుని ఉన్నా, కొమ్మ పట్టు వదులుతున్నా, ముక్కుతున్నా గుడ్లు రాకపోయినా ఆ గంటే పాములు, తొండలు చూసే వెట్ (జంతువుల డాక్టరు) దగ్గరికి తీసుకెళ్ళండి. ఎక్స్‌రేలో గుడ్లు కనిపిస్తాయి. ఇంజెక్షన్లతో కాకపోతే ఆపరేషన్ చేసి తీస్తారు.

మిగతావి గుడ్లయ్యాక సర్దుకోవచ్చు. అసలు తప్పు మాత్రం ఆ పన్నెండు క్రికెట్లు, 92 డిగ్రీలు. తిండీ వేడీ ఎక్కువైతే ఒంట్లో గుడ్ల సంఖ్య పెరుగుతుంది. పెద్దదైన ఆడదానికి రోజు విడిచి రోజు మూడు నాలుగు క్రికెట్లు, 80 డిగ్రీలు చాలు. ఆ చుట్టల బల్బు వెలుగు ఒక్కచోటే పడుతుంది. యూవీ బలం 5.0 అనిగానీ 6 శాతం అనిగానీ రాసి ఉన్న టీ5 (సన్నపాటి) ట్యూబ్‌లైటు వేయండి, కొమ్మకు 8, 9 అంగుళాల ఎత్తున. ఆ యూవీ అందకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు, గుడ్డు పెంకు కోసం తన ఎముకల్లోంచి తీసుకుంటుంది, కాళ్ళు విల్లులా వంగుతాయి. విటమిన్ డీ3 లేని కాల్షియం పొడి ప్రతిసారీ పురుగుల మీద చల్లండి. డీ3 ఉన్న విటమిన్ పొడి నెలకు రెండుసార్లు. గోంగూర మనకే ఉంచండి. ఆ పులుపులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేసుకుంటాయి, పాలకూరా అంతే. క్రికెట్లకు ఆవాకు, కాలర్డ్ ఆకు, క్యారెట్ వేయండి.

కర్నూలు_కొండగాలి:
మా చేలగట్ల మీద మన ఊసరవెల్లి కూడా మెత్తటి నేల చూసుకుని గొయ్యి తవ్వే గుడ్లు పెడుతుంది, నేను చూశాను. మా తమ్ముడు ఇది చదివి చింతచెట్టు మీదున్నదాన్ని తెచ్చి పెంచుతానంటున్నాడు, పెద్దాయనా.

హ్యూస్టన్_పెద్దాయన:
వద్దని చెప్పండి. మనదేశపుది వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కిందికి వస్తుంది, పట్టి తెచ్చుకుంటే కేసవుతుంది. చెట్టు మీదే చూసుకోమనండి, ఖర్చు కూడా లేదు.

ఫ్రిస్కో_అమ్మ:
అప్‌డేట్. రాత్రికి రాత్రి తొట్టి పెట్టాం. మర్నాడంతా దుప్పటి వెనకాల గరగర చప్పుడే. మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించి వింది. మూడో రోజు మధ్యాహ్నం ఒంటి నిండా ఇసుకతో పైకొచ్చి, డొక్కలు అంటుకుపోయి, ఆకు చివర వేలాడే నీటిచుక్కల్ని అదేపనిగా తాగింది. ఇసుక తవ్వి లెక్కపెడితే 41 గుడ్లు! అత్తయ్య రెండుసార్లు లెక్కపెట్టారు. బాలింతకు పథ్యం ఏమిటి అని అడుగుతున్నారు, వేళాకోళం కాదు.

హ్యూస్టన్_పెద్దాయన:
బతికించారు. రెండు మూడు రోజులు కడుపునిండా పెట్టండి. నీళ్ళు ఇంకా ఎక్కువసేపు చిలకరించండి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగులో ఉంటే ఒంట్లో నీరు చాలనట్టే. ఆ తర్వాత మళ్ళీ మూడు నాలుగు క్రికెట్లకు వచ్చేయాలి, అత్తయ్యగారు జాలిపడినా సరే. ఆ గుడ్లు పొదగవు, పారేయండి. తొట్టి మాత్రం తీయకండి, మళ్ళీ గుడ్లకు కావాలి. ఇసుక తడి ఆరనివ్వకండి.

ఫ్రిస్కో_అమ్మ:
అలాగేనండి. ట్యూబ్ 24 అంగుళాలది ఆర్డర్ పెట్టాను. జాలీ మీద పెట్టొచ్చా, లోపల బిగించాలా?

హ్యూస్టన్_పెద్దాయన:
జాలీ మీదే. లోపల పెడితే దాన్నే పట్టుకుని వేలాడుతుంది, కాలుతుంది.