కుందేలుకి, నక్కకి ఒకే తుపాకీ సరిపోతుందా? గుళ్ళ సైజు, చోక్, జీరో దూరం గురించి

పొదచాటు (ప్రశ్న):

లైసెన్సు, వేట భద్రత కోర్సు రెండూ పూర్తయ్యాయి. చేతిలో ఉన్నవి 12 బోర్ పంప్ షాట్‌గన్ (గుళ్ళు ఎంత చెదరాలో అదుపు చేసే మూతి బిగింపులు, అంటే చోక్‌లు, మూడున్నాయి: వదులు నుంచి బిగువుకి ఇంప్రూవ్డ్ సిలిండర్, మాడిఫైడ్, ఫుల్), 4 రెట్ల స్కోప్ బిగించిన .22 ఎల్ఆర్ బోల్ట్ రైఫిల్. వచ్చే సీజన్లో కుందేళ్ళు, ఉడుతలు. ఆ తర్వాత వీలుంటే నక్క, కొయోటీ (ఉత్తర అమెరికాలో ఉండే తోడేలు లాంటి చిన్న జంతువు).

కుందేలుకి ఏ సైజు గుళ్ళు, ఏ చోక్ వాడాలి? షాట్‌గన్‌తో 30 మీటర్లు దాటొద్దని కొందరంటారు, 50 దాకా పర్లేదని కొందరంటారు. .22ని ఎంత దూరానికి జీరో చేసుకోవాలి, అంటే ఏ దూరంలో గురిపెట్టిన చోటే బుల్లెట్ పడేలా స్కోప్ సర్దుకోవాలి? నక్కని శబ్దంతో దగ్గరికి పిలిచి కాల్చడానికి ఈ రెండింట్లో ఏదైనా పనికొస్తుందా, మరో రైఫిల్ కొనక తప్పదా? ఇక రూల్స్ పుస్తకంలో కొత్తవాళ్ళు చూసుకోకుండా దాటేసే పేజీలు ఏవో కూడా చెప్పండి.

కాగితంగురి:

30 అన్నవాళ్ళదీ 50 అన్నవాళ్ళదీ వాళ్ళ వాళ్ళ తుపాకీకి నిజమే అయ్యుండొచ్చు. మీ తుపాకీకి ఏది నిజమో కాగితం మీద తేల్చుకోవాలి. అరపూట పని, అంతే.

కనీసం 1.2 మీటర్ల చదరం కాగితం కట్టి మధ్యలో చుక్క పెట్టండి. పాత లెక్క ప్రకారం 40 గజాల నుంచి, అంటే 36.5 మీటర్ల నుంచి, ఒక్కో కాగితం మీద ఒక్కటే కాల్చండి. ఒక చోక్‌కీ ఒక తూటా రకానికీ కలిపి కనీసం మూడు కాగితాలు ఖర్చుపెట్టాలి, ఒక్క కాగితం చూసి నిర్ణయానికి రావద్దు. కాల్చాక గుళ్ళు ఎక్కడ చిక్కగా పడ్డాయో చూసి, దాన్ని నడిమధ్య చేసుకుని 76 సెం.మీ. వ్యాసంతో వలయం గీయండి. వలయంలో పడాల్సిన వాటా మామూలుగా ఇంప్రూవ్డ్‌కి 50 శాతం, మాడిఫైడ్‌కి 60, ఫుల్‌కి 70. 32 గ్రాముల 6వ నంబరు సీసం తూటాలో దాదాపు 250 గుళ్ళుంటాయి కాబట్టి మాడిఫైడ్‌తో 150 అటూఇటుగా కనిపించాలి. వలయం మధ్య మీరు పెట్టిన చుక్కకి ఎంత దూరంలో ఉందో కూడా కొలవండి. గురి ఒకచోట, గుళ్ళు ఒకచోట పడే తుపాకీలు తక్కువేం కాదు.

చాలామంది లెక్క దగ్గరే ఆగిపోతారు. అసలు పరీక్ష ఆ తర్వాతే. అట్టముక్కని కుందేలు ఆకారంలో, నిజమైన సైజులో కత్తిరించి వలయంలో ఎక్కడపడితే అక్కడ పెట్టి చూడండి. పెట్టిన ప్రతిచోటా దాని కింద నాలుగైదు రంధ్రాలైనా ఉండాలి. ఎక్కడో ఒకచోట ఒకటో రెండో ఉన్నాయంటే ఆ ఖాళీలో పడే కుందేలు గాయంతో పొదలోకి దూరి రెండు రోజులకి చస్తుంది. ఐదు మీటర్లు ముందుకొచ్చి మళ్ళీ కాల్చండి. ఖాళీలు లేకుండా పోయిన దూరమే మీ హద్దు. మాడిఫైడ్, 6వ నంబరు జోడీకి ఇది ఎక్కువగా 30–35 మీటర్ల దగ్గర తేలుతుంది.

సీసమైతే 6వ నంబరు (2.8 మి.మీ.) మంచి నడిమి సైజు. దట్టమైన పొదల్లో, 25 మీటర్ల లోపే కాల్చే చోట 7½ (2.4 మి.మీ.) కూడా నడుస్తుంది. ఉక్కు గుళ్ళు వాడాల్సి వస్తే రెండు సైజులు పెంచి 4వ నంబరు (3.3 మి.మీ.) తీసుకోండి. సీసం సాంద్రత 11.3, ఉక్కుది 7.9 దగ్గర. తేలిక గుండు తొందరగా వేగం కోల్పోతుంది. ఉక్కు గుళ్ళు నలగవు కాబట్టి విడిపోకుండా గుంపుగా పోతాయి, ఇంప్రూవ్డ్ చోక్ కూడా మాడిఫైడ్‌లా కాలుస్తుంది. ఫుల్ చోక్‌లో, ఉక్కుకి పనికొస్తుందని రాసి లేని పాత బ్యారెల్‌లో ఉక్కు వేయకండి. మూతి దగ్గర ఉబ్బుతుంది.

మరీ దగ్గర కూడా తప్పే. పది మీటర్ల దగ్గర ఫుల్ చోక్ గుళ్ళన్నీ జానెడు చోట పడతాయి, మాంసం మిగలదు. కుందేలు లేవగానే కంగారు పడకుండా 18–20 మీటర్లు పోనివ్వండి.

ఇక తప్పిపోవడం. అడ్డంగా గంటకి 35 కి.మీ. వేగంతో పరుగెత్తే కుందేలు, 25 మీటర్ల దగ్గర గుళ్ళు చేరేలోగా 70 సెం.మీ. ముందుకెళ్ళిపోతుంది. తుపాకీని దానితోపాటు నడిపిస్తూ, దాటించి, ట్రిగ్గర్ నొక్కాక కూడా నడిపిస్తూనే ఉండాలి. నొక్కే క్షణంలో చేయి ఆగిందంటే గుళ్ళు తోక వెనక మట్టి లేపుతాయి. ఎదురుగా పారిపోయేదాని మీంచి పోతున్నాయంటే మాత్రం బుగ్గ తుపాకీ మడమ మీంచి లేస్తోందన్నమాట.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. 12 బోర్ వాడేవాళ్ళ జేబులో 20 బోర్ తూటా (12 కంటే సన్నటిది) ఉండకూడదు. అది 12 బోర్ ఛాంబర్‌లోంచి (తూటా కూర్చునే గదిలోంచి) జారి బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది. చూస్తే తుపాకీ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక 12 వేసి కాలిస్తే బ్యారెల్ పేలుతుంది. 20 బోర్ తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే.

సన్నగురి:

.22 సంగతి నేను చెప్తాను. 50 మీటర్లకి జీరో చేయండి. 40 గ్రెయిన్ల (2.6 గ్రాముల బుల్లెట్) హై వెలాసిటీ తూటాతో, స్కోప్ బ్యారెల్‌కి 3.8 సెం.మీ. ఎత్తులో ఉంటే, 25 మీటర్ల దగ్గర సెంటీమీటరు లోపు పైన, 75 దగ్గర దాదాపు 7 కింద, 100 దగ్గర 20 దాటి కింద పడుతుంది. కుందేలు తలలో కన్నుకీ చెవికీ మధ్య మీకు దొరికే చోటు మూడు నాలుగు సెంటీమీటర్లే, కాబట్టి 75 మీటర్ల మాట మర్చిపోండి.

గాలి విషయంలో అందరూ తిరగేసి అనుకుంటారు. హై వెలాసిటీ బుల్లెట్ ధ్వనివేగం పైన మొదలై దారిలో ఎక్కువ వేగం పోగొట్టుకుంటుంది, అందుకే పక్కగాలికి స్టాండర్డ్ బుల్లెట్ కంటే అదే ఎక్కువ జరుగుతుంది. సెకనుకి 4.5 మీటర్ల పక్కగాలిలో 50 మీటర్ల దగ్గరే మూడు సెంటీమీటర్లు పక్కకి పోవచ్చు. తల తప్పడానికి అది చాలు.

తూటా ఏ కంపెనీది అని అడిగేవాళ్ళుంటారు. ఒక్కో .22కి ఒక్కోటి నచ్చుతుంది, అంతకుమించి ఎవరూ చెప్పలేరు. నాలుగైదు రకాలు ఒక్కో పెట్టె తెచ్చుకుని, ఒక్కోదానితో ఐదేసి చొప్పున రెండు మూడు గుంపులు కాల్చండి. రకం మార్చినప్పుడల్లా మొదటి పది పదిహేను తూటాలు లెక్కలోకి తీసుకోకండి, బ్యారెల్‌లో పాత రకం మైనం పోయేదాకా గుంపు కుదరదు. తర్వాత బెంచీ వదిలేసి, మోకాలి మీద కూర్చునీ చెట్టుకి ఆనుకునీ 3 సెం.మీ. స్టిక్కర్ల మీద కాల్చండి. ఐదుకి ఐదూ ఏ దూరం దాకా తగిలితే వేటలో అంతవరకే.

ఉడుత కొమ్మ మీద ఉంటే వెనక మాను ఉన్నప్పుడే కాల్చండి, వెనక ఆకాశం ఉంటే వద్దు. ఈ చిన్న బుల్లెట్ రెండు కిలోమీటర్ల దూరం పోగలదు. నీటి మీద, రాతి మీద, గడ్డకట్టిన నేల మీద పడితే ఎటు ఎగురుతుందో తెలియదు.

పొదచాటు:

సన్నగురి గారూ, మరి కుందేలు పది మీటర్లలోనే కూర్చుని ఉంటే? జీరో 50 కదా, పైన పడుతుందని కాస్త కిందకి పట్టాలా?

సన్నగురి:

వద్దు, కొంచెం పైకి పట్టాలి. దగ్గర్లో బుల్లెట్ ఇంకా స్కోప్ చూపు గీతని అందుకోదు, దాని కిందే ఉంటుంది. పది మీటర్ల దగ్గర సెంటీమీటరున్నర, ఐదు మీటర్ల దగ్గర రెండున్నర కింద పడుతుంది. కన్ను మీద గురిపెట్టి దవడ పగలగొట్టడం ఇలాగే జరుగుతుంది. గాయాల్లో అంతకంటే ఘోరమైనది లేదు. చెవి మొదలు మీద పెట్టండి.

గాలివాటం:

నక్క, కొయోటీల సంగతి. .22 ఎల్ఆర్‌ని ఇందులోకి తేకండి. కొయోటీకి అది అన్యాయం. షాట్‌గన్ పనికొస్తుంది, కానీ దగ్గర్లోనే. కొయోటీకి 3 అంగుళాల తూటాలో 4వ నంబరు బక్‌షాట్ (పెద్ద గుళ్ళు, వీటి నంబర్ల లెక్క వేరు; 6.1 మి.మీ., 41 గుళ్ళు) 35 మీటర్ల దాకా, నక్కకి సీసం బీబీ (4.6 మి.మీ.) ఇంకాస్త దగ్గర్లో. ఇక్కడా పైన చెప్పిన కాగితం పరీక్ష తప్పదు. పెద్ద గుళ్ళు కొన్ని తుపాకుల్లో చోక్ బిగించేకొద్దీ చెదిరిపోతాయి. బక్‌షాట్‌ని అసలు ఒప్పుకోని చోట్లున్నాయి, అది ముందే చూసుకోండి.

రైఫిల్ కొంటే .223 చాలు. 50–55 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ (మొన మెత్తటి సీసంతో ఉండేది) గానీ పాలిమర్ మొన బుల్లెట్ గానీ తీసుకోండి. ఫుల్ మెటల్ జాకెట్ (మొన దాకా గట్టి లోహపు తొడుగున్నది) సూదిలా దూసుకుపోతుంది, జంతువు చాలా దూరం పరుగెత్తి చస్తుంది.

పిలుపులో పనంతా గాలిదే. కొయోటీ శబ్దం దగ్గరికి తిన్నగా రాదు. చుట్టు తిరిగి, గాలి వాలున నిలబడి, ముక్కుతో నిర్ధారించుకుని అప్పుడు వస్తుంది. అందుకని ఎలక్ట్రానిక్ కాలర్‌ని (జంతువుల అరుపులు వినిపించే పెట్టెని) మీకు గాలి వచ్చే వైపు 30–40 మీటర్ల దూరంలో పెట్టి, గాలి పోయే వైపు ఖాళీగా కనిపించే చోటు ఉండేలా కూర్చోండి. అది వాసన పట్టడానికి ఆ ఖాళీలోకి రాక తప్పదు. మీ వాసన గీత దాటకముందే కాల్చాలి. ఇద్దరుంటే షాట్‌గన్ మనిషి గాలి వాలున, రైఫిల్ మనిషి ఎత్తు మీద. ఎవరు ఏ వైపు కాల్చాలో కూర్చునే ముందే చేయి చాచి హద్దులు చూపించుకోండి.

పొద మీ వెనక ఉండాలి, ముందు కాదు. నీడలో కూర్చోండి, ఎండ వీపు మీద పడితే ఇంకా మంచిది. ముఖానికీ చేతులకీ ముసుగు వేయండి, దొరికిపోయేది అక్కడే. మొదట శబ్దం చిన్నగా పెట్టండి, 200 మీటర్లలో పడుకుని ఉన్నదాన్ని పెద్ద అరుపుతో బెదరగొట్టేస్తారు. అర నిమిషం నుంచి నిమిషం పిలిచి ఆపండి. నక్క, కొయోటీకి 15–20 నిమిషాలు చాలు. లేచి వెళ్ళేటప్పుడు ఒక్కసారి నాలుగు వైపులా చూడండి, చివరి నిమిషంలో వచ్చి నిలబడ్డది మీరు లేవగానే కనిపించడం మామూలే. తర్వాతి చోటు కిలోమీటరు దూరంలోనైనా ఉండాలి. బండి తలుపు చప్పుడు కాకుండా వేయడం కూడా ఇందులో భాగమే.

వస్తున్నది ఆగకపోతే నోటితో చిన్నగా మొరగండి, ఆగి చూస్తుంది. ఆగినప్పుడే కాల్చండి.

బోనుపేజీ:

ముందుగా ఒక మాట. భారతదేశంలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఇందులో ఏదీ వర్తించదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి కుందేలు, నక్క వేట నేరం. ఉచ్చు పెట్టడం, ఎర పెట్టడం, ప్రయత్నించడం కూడా ఆ చట్టం దృష్టిలో వేటే.

వేట అనుమతించే దేశాల్లో కొత్తవాళ్ళు దాటేసే పేజీలు ఇవీ. రోజు పరిమితి వేరు, దగ్గర ఉంచుకునే పరిమితి వేరు. ఫ్రిజ్‌లో ఉన్నవీ రెండోదాని లెక్కలోకొస్తాయి. ఎలక్ట్రానిక్ కాలర్, రాత్రి లైటు, థర్మల్ స్కోప్: కుందేలుకి ఒక రూలు, నక్కకి ఇంకోటి ఉండొచ్చు. సీసం: అమెరికాలో నీటి పక్షుల వేటకి 1991 నుంచే దేశమంతటా నిషేధం, కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకీ సీసం కుదరదు, యూరోపియన్ యూనియన్‌లో 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లోనూ వాటి చుట్టుపక్కలా సీసం గుళ్ళు కాల్చకూడదు. కుందేలు వేటలో మధ్యలో చెరువు గట్టు తగిలితే చాలామంది ఇక్కడే దొరికిపోతారు. ఎయిర్ రైఫిల్ వాడితే దానికీ హద్దుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో గుండు శక్తి 12 అడుగు-పౌండ్లు (16.3 జౌళ్ళు) దాటితే ఫైరార్మ్ సర్టిఫికెట్ కావాలి. ఇక భూమి యజమాని అనుమతి నోటిమాటగా కాకుండా కాగితం మీద తీసుకోండి.

గాలివాటం గారు చెప్పని సంగతి ఒకటుంది. కొయోటీని ఏడాది పొడవునా కాల్చనిచ్చే చోట్లు చాలా ఉన్నాయి. రూలు ఒప్పుకున్నంత మాత్రాన వసంతంలో తల్లిని కాల్చడం సరైన పని అయిపోదు, బొరియలో పిల్లలు ఆకలికి చస్తాయి. మందల మీద పడుతున్న జంతువు అయితే వేరే మాట. సరదా వేటకి మాత్రం చలికాలం చాలు, తోలు కూడా అప్పుడే బాగుంటుంది.

గాలివాటం:

ఒప్పుకుంటాను. పిల్ల అరుపు శబ్దాలు కూడా ఆ నెలల్లో వాడకపోవడమే మంచిది, తల్లిని నేరుగా లాక్కొస్తాయి.

పొదచాటు:

కొట్టాక శుభ్రం చేయడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఉక్కు గుళ్ళు వాడితే మాంసంలో మిగిలిపోతాయేమోనని భయంగా ఉంది.

కాగితంగురి:

గ్లోవ్స్ లేకుండా కుందేలుని కోయకండి. తులరేమియా (కుందేళ్ళ నుంచి మనుషులకి వచ్చే జ్వరం) చర్మం మీది చిన్న గీతలోంచి కూడా ఎక్కుతుంది. కాలేయం మీద తెల్లటి చుక్కలు ఉన్నా, బతికుండగానే మందకొడిగా కదిలిందనిపించినా తినొద్దు. పొట్ట వెంటనే తీసేయండి, అంతకుముందు కింది పొట్ట నొక్కి మూత్రం పోనివ్వండి. మాంసం 74 డిగ్రీల దాకా ఉడకాలి. నక్కకైతే గ్లోవ్స్‌తోపాటు ముఖానికి మాస్కు కూడా పెట్టుకోండి.

గుళ్ళ సంగతి: ఉక్కు గుండు పంటికింద పడితే పన్ను విరుగుతుంది. అది లోపలికి పోయేటప్పుడు బొచ్చుని కూడా తీసుకుపోతుంది. తోలు తీశాక మాంసం మీద నల్లటి చిన్న మచ్చ, దాంట్లోంచి వెంట్రుకల కుచ్చు కనిపిస్తుంది. సన్నటి కత్తి మొనతో ఆ కుచ్చు వెంట లోపలికి వెళ్ళండి, ఎక్కువసార్లు గుండు చివర్లోనే ఉంటుంది. రెండో వైపు కూడా మచ్చ ఉంటే దాటిపోయినట్టే, వెంట్రుకలు మాత్రం తీసేయండి. ఉక్కు కాబట్టి చివర్లో ఒక అయస్కాంతాన్ని ముక్కల మీద తిప్పితే పైపైన మిగిలినవి అంటుకుంటాయి. సీసానికి ఆ వీలు లేదు, వేళ్ళతో నొక్కి చూసుకోవాల్సిందే.