చావు జరిగిన ఇంట్లో రోమా 8:28 చెప్పవచ్చా?

నిరీక్షణ:
ఆప్తుల్ని పోగొట్టుకున్నవారి దగ్గర "దేవుని ప్రేమించువారికి మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి" అనడం ఆదరణా, పుండు మీద కారమా? చెప్పాలనే నా అభిప్రాయం. దుఃఖపడవద్దనే కదా 1 థెస్స 4:13 చెప్పేది?

మోకాళ్ల ప్రార్థన:
ఆ వచనాన్ని సగంలో ఆపేశారు బ్రదర్. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దన్నాడు పౌలు, అసలు ఏడవొద్దనలేదు. స్తెఫను చనిపోతే గట్టిగా ఏడ్చింది భక్తిపరులే (అపొ. 8:2). మోషే కోసం 30 రోజులు ఏడ్చారు.

రోమా 8నే కాస్త పైనుంచి చదవండి. 22లో సృష్టి మూలుగు, 23లో మన మూలుగు, 26లో మాటల్లో పెట్టలేని ఆత్మ మూలుగు. ఆ మూడూ దాటాకే 28 వస్తుంది. మనం నేరుగా 28 తీసుకెళ్లి ఏడ్చేవాళ్ల చేతిలో పెడతాం. "నీ బిడ్డ పోవడం మంచిదే" అన్నట్టు వాళ్లకు వినిపిస్తుంది. మరణాన్ని బైబిల్ మంచిదనలేదు, శత్రువంది (1 కొరింథీ 15:26).

నిరీక్షణ:
4:13 గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కానీ 4:18 "ఈ మాటలచేత" ఆదరించుకోమంటోంది, మౌనంతో కాదు. లాజరు సమాధిలో ఉన్న నాలుగో రోజే యేసు మార్తతో పునరుత్థానం గురించి మాట్లాడాడు. తొందరపాటు అందామా?

బేతనియ:
అక్కడే అసలు సంగతి ఉంది. "నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును" అని మార్త అంది (యోహాను 11:21). ఆమె సహోదరి మరియ కూడా అదే మాట అంది (11:32). మార్తకు మాట దొరికింది, మరియ దగ్గర ఆయన కన్నీళ్లు విడిచాడు. మాట ఒకటే, మనుషులు వేరు. కాబట్టి ముందు వినాలి. యోబు స్నేహితులు ఏడు రోజులు ఏడు రాత్రులు ఊరకే కూర్చున్నంతసేపూ తప్పు చేయలేదు, కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడింది.

మోకాళ్ల ప్రార్థన:
ప్రార్థనకు మాటలే రానివారికి 13వ కీర్తన సరిపోతుంది. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో "ఎన్నాళ్లు" అనే నిలదీత, తర్వాతి రెండింటిలో వేడుకోలు, చివరి రెండింటిలో నమ్మకం. గట్టిగా చదివి, నిలదీసే చోట ఆగి చనిపోయినవారి పేరు చెప్పండి. ఐదో వచనం నోట రాకపోతే ఆ రోజుకు నాలుగుతో ఆపేయండి. ఇంకా భారంగా ఉంటే 88వది. అది చీకటితోనే ముగుస్తుంది, అయినా దాన్ని కీర్తనల్లోంచి ఎవరూ తీసేయలేదు.

"విశ్వాసంతో ప్రార్థించి ఉంటే బతికేవారు" అన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు. చావు బాధ మీద నేరభారం కూడా వేస్తుందది.

నిరీక్షణ:
సరే, 8:28ని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటే?

బేతనియ:
లాక్కోకండి, పక్కన కూర్చుని 39 దాకా కలిసి చదవండి. మరణమైనా మనల్ని ఎడబాపలేదన్న మాట అక్కడుంది. ఇంకో విషయం: ఆరు నెలలు దాటినా రోజు గడవనంత దుఃఖం ఉంటే డాక్టర్ని కలవమనండి. చనిపోవాలనిపిస్తోందంటే ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలొద్దు. అది అవిశ్వాసం కాదు. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లు (1 రాజులు 19).