మా గరాజ్ లైబ్రరీకి పుస్తకాలు వద్దని ఎలా చెప్పాలి?

గోదారిపిల్ల (ఫ్రిస్కో, టెక్సస్):

అడగడానికే మొహమాటంగా ఉంది. రెండేళ్ల కిందట మా గరాజ్‌లో ఒక కారు బయట పెట్టేసి, ఆ జాగాలో రెండు అలమరాలు, ఒక చాప వేసి తెలుగు పిల్లల లైబ్రరీ మొదలుపెట్టాను. శనివారం పది నుంచి పన్నెండు దాకా. ఇప్పుడు ఇరవై ఆరు కుటుంబాలు వస్తున్నాయి. పిల్లలు ఎక్కువగా ఆరు నుంచి పదేళ్ల వాళ్లు. మాట్లాడతారు, అక్షరాలు కూడా వచ్చు. ఒత్తు కనిపిస్తే మాత్రం బండి ఆగిపోతుంది.

నా బాధ దాతలతో. డబ్బు అడిగితే "అయ్యో, మా ఇంట్లో బోలెడు పుస్తకాలున్నాయి, పంపిస్తాలెండి" అంటారు. పంపిస్తారు కూడా, ఇల్లు మారేటప్పుడు, పెట్టెలకి పెట్టెలు! పోయిన నెల విప్పిన పెట్టెలో నాలుగు భగవద్గీతలు, ఒక ఎంసెట్ ఫిజిక్స్ గైడు, ఎవరిదో పెళ్లి ఆల్బమ్ ఉన్నాయి. ఇంకొకాయన చందమామ బైండ్లు ఇచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది గానీ పిల్లలు ముట్టుకోలేదు, అక్షరాలు చిన్నవి. ఇండియా నుంచి వచ్చిన తాతయ్యలే కుర్చీలు వేసుకుని చదివేస్తున్నారు. అన్నట్టు, పిల్లలకి కథలు చదివి వినిపించేదీ వాళ్లే. ఆర్నెల్లకి వెళ్లిపోతారు, అదే దిగులు.

మాకు కావలసింది పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు. మా అత్తగారు పోయినసారి అలాంటివి పదిహేను తెచ్చారు, ఆవకాయ డబ్బా పక్కన సర్ది. వాటిలో ఒక పుస్తకం తెరిస్తే ఇప్పటికీ అన్నం తినాలనిపిస్తుంది.

వాలంటీర్లంటారా, మొదటి రోజు పదకొండు మంది వచ్చి ఫొటోలు దిగారు. ఇప్పుడు మిగిలింది నేనూ, పక్క వీధి ఆవిడా. జులైలో ఆ గరాజ్‌లో నిలబడటమే కష్టం.

నొప్పించకుండా "వద్దు" ఎలా చెప్పాలి? లైబ్రరీని సంస్థగా రిజిస్టర్ చేయిస్తే లాభం ఉంటుందా?

ఎడిసన్ పంతులమ్మ:

మా బేస్‌మెంట్‌లోనూ ఇదే కథ. ఇప్పుడు ఒక్కటే నియమం పెట్టుకున్నాం: ముందు అట్టల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టాలి, మేం టిక్కు పెట్టినవే తేవాలి. గుమ్మం దగ్గరికి వచ్చిన పెట్టెని వెనక్కి పంపలేం గానీ, ఫొటోని పంపొచ్చు.

డబ్బు ఊరికే అడిగితే రాదు. పుట్టినరోజులకి రిటర్న్ గిఫ్టుల మీద ఎంత తగలేస్తున్నామో మీకు తెలుసు కదా. దానికి బదులు లైబ్రరీకి ఒక పుస్తకం కొనమనండి, లోపలి పేజీలో ఆ పిల్లాడి పేరు, తేదీ అంటించండి. మాకు కొత్త పుస్తకాలు సగం అలాగే వచ్చాయి.

కొనేముందు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ చూడండి. తెలుగు కథలు ఉచితంగా దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు, స్థాయిలు కూడా విడగొట్టి ఉంటాయి. పిల్లలు ఏది మళ్లీ మళ్లీ అడుగుతున్నారో చూసి, అలాంటివి కొనండి. హైదరాబాద్ తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కనే ఉండేవి ఉన్నాయి, తెలుగు చదవలేని అమ్మానాన్నలకి అవి బాగా పనికొస్తాయి.

పేరు చెప్పను:

ఇచ్చేవాళ్లని ఇవ్వనివ్వండి. పుస్తకం సరస్వతి, వద్దనకూడదు. అలమరాలు ఇంకో రెండు కొనుక్కోండి.

గోదారిపిల్ల:

ఇంకో రెండు కొంటే రెండో కారు కూడా రోడ్డు మీదే అండి.

లెక్కలాయన:

రిజిస్ట్రేషన్ గురించి మాత్రం చెప్తాను. ముందు రాష్ట్రంలో నాన్‌ప్రాఫిట్‌గా నమోదు కావాలి, తర్వాత ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గర 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు హోదా తెచ్చుకోవాలి. ఏడాదికి 50,000 డాలర్ల లోపు వచ్చే మీలాంటి చిన్నవాళ్లకి 1023-ఈజీ అనే చిన్న ఫారం ఉంది, ఫీజు 275 డాలర్లు. ఆ తర్వాత ఏటా 990-ఎన్ అనే ఈ-పోస్ట్‌కార్డు పంపాలి. ఐదు నిమిషాల పనే, కానీ వరసగా మూడేళ్లు మర్చిపోతే హోదా దానంతట అదే పోతుంది. అలా పోగొట్టుకున్నవాళ్లని చూశాను.

అసలు లాభం మ్యాచింగ్‌లో ఉంది. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంతా తామూ ఇస్తాయి, కొన్ని వాలంటీర్ గంటలకి కూడా డబ్బిస్తాయి. ఈ హోదా లేకపోతే మాత్రం పైసా రాదు. 250 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్లకి రాతపూర్వకంగా రసీదు ఇవ్వండి. పుస్తకాలిస్తే ఏమిచ్చారో రాయండి చాలు, విలువ కట్టడం వాళ్ల పని.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే, ఇప్పటికే హోదా ఉన్న మీ ఊరి తెలుగు సంఘాన్ని అడిగి వాళ్ల గొడుగు కింద చేరండి. నేనైతే మొదటి ఏడాది అదే చేస్తా.

బెజవాడ బాబాయి:

అమ్మాయ్, గరాజ్ వేడెక్కితే పుస్తకాల్నే బయటికి పంపు. 1935లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు కాలువల మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊరూరా తిప్పారు. జనం లైబ్రరీకి రావాలని కూర్చోలేదాయన. మీకు పడవ లేకపోతే సంచీ ఉంది. సంచీకి పదేసి పుస్తకాలు, నాలుగిళ్లకి ఒక సంచీ, రెండు వారాలకోసారి ఇల్లు మారాలి. మార్చే బాధ్యత ఆ నాలుగిళ్లదే. వాలంటీర్లు కావాలని నువ్వు అడగక్కర్లేదు, వాళ్లకి తెలియకుండానే వాలంటీర్లయిపోతారు.

గోదారిపిల్ల (మూడు వారాల తర్వాత):

ఫొటో నియమం గ్రూపులో పెట్టాను. ఒక అంకుల్ అలిగి గ్రూపు వదిలేశారు, వాళ్లావిడ మాత్రం ఉన్నారు. సంచీలు ఆరు కుట్టించాం. ఒకటి అప్పుడే ఎవరింట్లోనో ఇరుక్కుపోయింది, వెతుకుతున్నాం. సంఘం వాళ్లు గొడుగుకి సరేనన్నారు, రిజిస్ట్రేషన్ సంగతి వచ్చే ఏడాది చూస్తాం. మొదటి పుట్టినరోజు పుస్తకం ఇచ్చిన ఎనిమిదేళ్లవాడు తన పేరున్న పుస్తకాన్ని వరసగా మూడు శనివారాలూ తనే తీసుకెళ్లాడు. వేరేవాళ్లకి ఇవ్వనివ్వడే!

ఎంసెట్ ఫిజిక్స్ గైడు ఇంకా నా దగ్గరే ఉంది. 2009 ఎడిషన్. ఎవరికైనా కావాలంటే చెప్పండి, పోస్టేజీ నేనే పెట్టుకుంటా.