మా పచ్చళ్లకి ఏ పేరు పెట్టాలి?

విశాఖ ఎంవీపీ కాలనీలో అమ్మా నేనూ ఇంట్లోనే బెల్లం ఆవకాయ, మాగాయ పెట్టి అమ్ముతున్నాం. నాలుగేళ్లుగా పేరే లేదు. సీసా మీద తెల్ల స్టిక్కరు అతికించి పెన్నుతో రాసేదాన్ని, నూనె తగిలి అక్షరాలు అలుక్కుపోయేవి. ఇప్పుడు రెండు షాపులవాళ్లు సరుకు పెట్టుకుంటామన్నారు, కానీ పేరున్న లేబుల్ కావాలట.

ముందు ‘వైజాగ్ పచ్చళ్లు’ అనుకున్నాను. ఉత్త ఊరి పేరు, సరుకు పేరు కలిపితే ట్రేడ్‌మార్క్ రావడం కష్టమని తెలిసి మానేశాను. అమ్మకి ‘సింహాద్రి’ అని పెట్టాలని ఉంది. ఈ ఊళ్లో అప్పన్న పేరు మీద ఎన్ని షాపులున్నాయో లెక్కలేదు. పైగా ఖాళీ సీసా చెత్తలో పడేస్తారు కదా, దాని మీద స్వామి పేరుండటం నాకు మనసొప్పట్లేదు. నాకు ‘అమ్మమ్మ జాడీ’ నచ్చింది. ఆవిడ జాడీ ఇంకా మా అటక మీదే ఉంది, మూతికి కట్టిన గుడ్డతో సహా. కానీ ఇలాంటి పేరు ఇంకెవరైనా పెట్టేసుకుని ఉంటారేమోనని టెన్షన్.

చిన్న వ్యాపారులకి ట్రేడ్‌మార్క్ ఆన్‌లైన్ దరఖాస్తు ఫీజు క్లాసుకి, అంటే ఒక్కో సరుకుల వర్గానికి, 4,500 రూపాయలు. పచ్చళ్లు 29వ క్లాసు, పొడులు కూడా మొదలుపెడితే 30కి మళ్లీ కట్టాలి. అందుకే అడుగుతున్నాను: మీ వ్యాపారానికి పేరు ఎలా ఖాయం చేసుకున్నారు? దేవుడి పేరు పెట్టుకున్నవాళ్లకి తర్వాత ఇబ్బందేమైనా వచ్చిందా? అమ్మని ఎలా ఒప్పించాలో కూడా చెప్పండి.